ఆపి చూస్తే ఎక్కువ, నడిపి చూస్తే తక్కువ: మోటార్‌హోమ్ గేర్ ఆయిల్ లెక్క

మా బామ్మర్ది టెక్సాస్‌లో ఉంటాడు. కిందటేడు సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటార్‌హోమ్ కొన్నాడు. వంటగది, మంచాలు, బాత్రూం అన్నీ లోపలే ఉన్న బండి. పిల్లలకు సెలవులివ్వగానే సామానంతా దాంట్లోనే సర్దుకుని కొండల వైపు బయల్దేరారు. నాలుగో రోజు మనకు పొద్దున ఏడున్నరకు వీడియో కాల్.

"బావా, డ్రైవ్‌ల ఏసినంక బండి కదలనీకి రెండు సెకండ్లు ఆలోచన చేస్తంది. రాత్రి గేర్ ఆయిల్ చూసిన, ఫుల్లు గీతకు పైనే ఉంది. పొద్దున స్టార్ట్ చేసి చూస్తే తక్కువుంది. లీటర్ పోసిన. వంద కిలోమీటర్లు పోయినంక చూస్తే ఇప్పుడు బాగ ఎక్కువైంది. ఈ డిప్‌స్టిక్ పాడైందా ఏంది?"

డిప్‌స్టిక్ అంటే ఆయిల్ మట్టం కొలిచే ఒక ఇనుప కడ్డీ. అందులో పాడవడానికి ఏమీ లేదు. మూడుసార్లూ సరిగ్గానే చూపించింది. మా వాడు మొదటిసారి ఇంజన్ ఆపి చూశాడు, రెండోసారి చల్లగా ఉండగా నడిపి చూశాడు, మూడోసారి వేడెక్కాక చూశాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఈ మూడు మట్టాలూ ఎప్పుడూ ఒకటి కావు. కడ్డీ మీది గీతలు వాటిలో ఏదో ఒక స్థితి కోసమే గీసి ఉంటాయి. ఏ స్థితికన్నది తెలియకుండా కొలిస్తే, ఎంత జాగ్రత్తగా కొలిచినా లాభం లేదు.

నేను మెకానిక్‌ను కాను. వరంగల్ ఆటోనగర్‌లో ఒక ఉస్తాద్ షెడ్డు ముందు స్టూలేసుకుని కూర్చుని చాయ్ తాగుతూ నేర్చుకున్నదే నా చదువు. ఆ రోజు కూడా ఫోన్ పట్టుకుని అక్కడికే పోయాను. ఆయన బామ్మర్ది చెప్పిందంతా విని ఒకే మాట అడిగాడు: "మోటర్ బందు చేసినంక బాయిల నీళ్లు పెరుగుతయా, తగ్గుతయా?"

మన వ్యవసాయ బావులు చూసినవాళ్లకు జవాబు తెలుసు. మోటారు నడుస్తుంటే నీళ్లలో కొంత భాగం పైపుల్లో, పొలంలో ఉంటుంది, బావిలో మట్టం దిగుతుంది. ఫుట్‌వాల్వు పోయిన మోటారు ఆపితే పైపులో ఉన్న నీళ్లన్నీ బుడబుడమని మళ్లీ బావిలోకే జారతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అడుగున ఉండే పళ్లెం లాంటి ఆయిల్ పాన్ ఆ బావి. డిప్‌స్టిక్ కొలిచేది ఆ పాన్‌లో ఉన్నదాన్ని మాత్రమే. ఇంజన్ తిరిగినప్పుడు పంపు తిరుగుతుంది. అది ఆయిల్‌ను టార్క్ కన్వర్టర్‌లోకి (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే భాగం), వాల్వుల దారుల్లోకి, ముందున్న కూలర్ గొట్టాల్లోకి తోస్తుంది. ఇంజన్ ఆపితే అందులో కొంత మెల్లగా కిందికి దిగి పాన్‌లో చేరుతుంది. రాత్రంతా ఆగిన బండిలో ఇంజన్ స్టార్ట్ చేయకుండా కడ్డీ తీస్తే ఫుల్లు గీత దాటి కనిపించడం మామూలే. ఇంజన్ ఆయిల్ విషయంలో మనకు అలవాటైంది దీనికి పూర్తిగా తిరగబడిన పద్ధతి: ఆపాలి, కాసేపు ఆగాలి, అప్పుడు చూడాలి. ఆ అలవాటునే గేర్‌బాక్స్ దగ్గరికి తెచ్చుకుంటే బామ్మర్ది పనే అవుతుంది.

ఇంతకూ ఒక్క గీత అటూఇటూ అయితే ఏం కొంప మునుగుతుంది? మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని తేలిక: పళ్లు అరగకుండా, వేడెక్కకుండా చూడటం. కాస్త తగ్గినా బండి నడుస్తుంది, అరుగుదల మాత్రం లోపల సాగుతుంది. ఆటోమేటిక్‌లో ఆయిల్ అంటే కేవలం జిడ్డు కాదు. ఇంజన్ శక్తిని గేర్లకు మోసేది అదే, క్లచ్ పళ్లేలను ఒత్తి పట్టుకునేది అదే, వేడిని కూలర్‌కు తీసుకుపోయేదీ అదే. ఒక విధంగా ఆ పెట్టెలో అది కూడా ఒక స్పేరు పార్టు. తగ్గితే, ముఖ్యంగా ఎత్తులో, మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగినప్పుడు, పంపు నూనెతో పాటు గాలిని కూడా పీలుస్తుంది. నూనెను నొక్కితే నలగదు, గాలిని నొక్కితే నలుగుతుంది. అందుకే క్లచ్‌కు పట్టు దొరకదు, బండి "ఆలోచన" చేస్తుంది.

విచిత్రమేమిటంటే ఎక్కువైనా ఇదే రోగం వస్తుంది. మట్టం పెరిగితే లోపల తిరిగే భాగాలు ఆయిల్‌లో మునిగి కవ్వంలా చిలుకుతాయి. నురగ లేస్తుంది. నురగంటే మళ్లీ గాలే. కల్లు లొట్టి నిండా నురగుంటే నిండుగా కనిపిస్తుంది, వంచితే ముంతెడు కూడా రాదు, అలాగన్నమాట. కడ్డీ మీద చిన్న చిన్న బుడగలు కనిపిస్తే అది తక్కువైన నురగా, ఎక్కువైన నురగా అన్నది బుడగలను బట్టి చెప్పలేం, మట్టాన్ని బట్టే చెప్పాలి. "తక్కువున్నదని పోసుడు అందరికీ తెల్సు సాబ్, తీసుడు ఎవ్వరికీ తెల్వది" అంటాడు ఉస్తాద్.

ఇక వేడి సంగతి. ఇక్కడే లెక్క నిజంగా చిక్కుపడుతుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఈ రకం ఆయిల్ 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు ముప్పాతిక శాతం వ్యాకోచిస్తుంది. పాన్, కన్వర్టర్, కూలర్ అన్నీ కలిపి 12 లీటర్లు పట్టే గేర్‌బాక్స్ అనుకుందాం. 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 450 మిల్లీలీటర్లు "పెరుగుతాయి". ఒక్క చుక్క పోయకుండానే. చాలా బండ్ల కడ్డీ మీద కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా అర లీటరు నుంచి లీటరు. అంటే కేవలం వేడి వల్లే మట్టం కింది గీత నుంచి సగం పైకో, పూర్తిగా పై గీతకో పోవచ్చు. చల్లటి బండిని వేడి గీతలతో పోల్చి "తక్కువుంది" అని లీటరు పోసిన మా వాడి తప్పు అక్కడే ఉంది. నిజంగా తగ్గింది ఎంతో తర్వాత తేలింది, అర లీటరు.

అందుకే చాలా కడ్డీల మీద చల్లని గీతలు వేరుగా, వేడి గీతలు వేరుగా ఉంటాయి. చల్లని గీతలు "స్టార్ట్ చేసి నడపడానికి సరిపోను ఉందా" అని చూసుకోవడానికి, చివరి తీర్పు మాత్రం వేడి గీతలదే. ఇక్కడ మనకు ఇంకో తిరకాసు ఉంది. మే నెలలో వరంగల్‌లో ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది. డాంబరు రోడ్డు మీద మధ్యాహ్నమంతా నిలబెట్టిన బండిలో ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఆయిల్ ఆ వేడికి చేరి ఉంటుంది. కాసేపు నడిపితే 50 దాటేస్తుంది. చల్లని గీతలకు పైన, వేడి గీతలకు కింద, ఏదీ కాని మట్టం చూపిస్తుంది. మన ఊళ్లో చల్లని కొలత కొలవాలంటే తెల్లవారుజామున, కోడి కూసే వేళకు చూడాల్సిందే.

ఎక్కువ వేడి కూడా పనికిరాదు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కి, నేరడిగొండ దగ్గర బండి ఆపి వెంటనే కడ్డీ తీశారనుకోండి. ఘాట్ ఎక్కేటప్పుడు టార్క్ కన్వర్టర్ లోపల జారుడు ఎక్కువ, జారుడుంటే వేడి. ఆ వేడికి ఆయిల్ అవసరానికి మించి పొంగి ఉంటుంది. చాలా కంపెనీల పుస్తకాలు ఇలాంటప్పుడు ఇంజన్ ఆపి అరగంట చల్లారనిచ్చి, మళ్లీ స్టార్ట్ చేసి చూడమంటాయి. ఆ అరగంటలో కుంటాల జలపాతానికి ఇంకెంత దూరమో అడిగి చాయ్ తాగొచ్చు.

ఇప్పుడు అసలు పద్ధతి చెబుతాను. బండి ఐదారు మైళ్లు కాదు, పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడిచి వేడెక్కాలి. చదునైన నేల మీద ఆపాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. ఏడెనిమిది మీటర్ల పొడవున్న బండి ముందు భాగం ఒక జానెడు ఎత్తయితే పాన్‌లో మట్టం కడ్డీ దగ్గర వేరు, పంపు పీల్చే చోట వేరు. జంపన్నవాగు ఇసుకలో నిలబెట్టిన బండిలో ఎవరైనా ఆయిల్ చూస్తున్నారంటే కాలక్షేపానికి చూస్తున్నారనే అర్థం. హ్యాండ్ బ్రేకు వేసి, టైర్ల కింద రాళ్లు పెట్టి, బ్రేకు తొక్కి పట్టుకుని గేర్ లివరును ఒక్కో గేరులో రెండు మూడు సెకన్లు ఉంచి తిప్పాలి. దాంతో దారులన్నీ నూనెతో నిండుతాయి. తర్వాత పార్క్‌లో పెట్టి, ఇంజన్ నడుస్తుండగానే కడ్డీ తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి, తీసి చూడాలి. రెండుసార్లు చూడాలి. కడ్డీకి రెండు పక్కలా మట్టం వేరుగా కనిపిస్తే తక్కువ చూపించే పక్కనే నమ్మాలి, ఎందుకంటే గొట్టం గోడకు అంటిన నూనె రెండో పక్కను తడిపి ఉంటుంది. ఇంజన్ తిరుగుతోంది కాబట్టి లుంగీ అంచులు, చున్నీలు, ఫ్యాను బెల్టు దగ్గరికి పోకుండా చూసుకోవాలి. చెప్పనక్కర్లేదనుకుంటాం గానీ చెప్పాలి.

పార్క్ అన్నాను, కానీ అన్ని బండ్లకూ అది చెల్లదు. డాడ్జ్ చట్రం మీద కట్టిన చాలా పాత మోటార్‌హోముల్లో న్యూట్రల్‌లో చూడాలి. హోండా పాత ఆటోమేటిక్ కార్లలో ఇంజన్ ఆపి, నిమిషం నిమిషంన్నర లోపల చూడమంటారు. కాబట్టి యూట్యూబ్‌లో ఒకరు చూపించింది ఇంకొకరి బండికి సరిపోకపోవడం వాళ్ల తప్పూ కాదు, మన తప్పూ కాదు. బండి పుస్తకం చూడకపోవడం మాత్రం మన తప్పే.

పెద్ద డీజిల్ మోటార్‌హోముల్లో, బస్సుల్లో ఎక్కువగా కనిపించేది అలిసన్ గేర్‌బాక్స్. 1915లో ఇండియానాపోలిస్‌లో మొదలైన కంపెనీ అది. మన చెన్నై దగ్గర ఒరగడంలో కూడా వాళ్ల ఫ్యాక్టరీ ఉంది. వీటికి న్యూట్రల్‌లో చూడటం పద్ధతి. చల్లని కొలతకు పాన్‌లో ఆయిల్ సుమారు 16 నుంచి 49 డిగ్రీల మధ్య, వేడి కొలతకు 71 నుంచి 93 డిగ్రీల మధ్య ఉండాలంటారు. ఈ రెండంకెలూ చూస్తే పైన చెప్పిన మే నెల మధ్యాహ్నం ఎందుకు ఎటూ కాకుండా పోతుందో అర్థమవుతుంది. ఆయిల్ సెన్సర్ ఉన్న మోడళ్లలో కడ్డీతో పని లేదు. బటన్ల సెలెక్టర్ మీద పైబాణం, కిందిబాణం కలిపి నొక్కితే అదే చెబుతుంది. అయితే బండి ఆగిన రెండు నిమిషాల దాకా చెప్పదు, ఆయిల్ కుదుటపడాలి కదా. తెర మీద అంకెలు ఒక్కొక్కటిగా తగ్గుతూ వస్తాయి. ఆ తర్వాత సరిపోయిందనో, ఇంత తక్కువ అనో, ఇంత ఎక్కువ అనో చూపిస్తుంది. ఆ అంకె లీటర్లలో కాదు, అమెరికా క్వార్ట్‌లలో ఉంటుంది. ఒక క్వార్ట్ అంటే దాదాపు 950 మిల్లీలీటర్లు. నాకైతే ఈ పద్ధతే నచ్చుతుంది. సరైన స్థితి రాకుండా మనం తొందరపడితే జవాబివ్వడానికి ఒప్పుకోని కడ్డీ ఇది.

ఇంకో తెగ ఉంది, కడ్డీయే లేని గేర్‌బాక్సులు. మెర్సిడెస్ స్ప్రింటర్ మీద కట్టిన కొన్ని మోటార్‌హోముల్లో గొట్టం ఉంటుంది, దానికి మూత ఉంటుంది, లోపల కడ్డీ ఉండదు. కడ్డీ వర్క్‌షాపు వాళ్ల దగ్గర ఉంటుంది. మరికొన్నింటిలో గొట్టం కూడా ఉండదు. బండిని చదునుగా ఎత్తి, ఇంజన్ నడిపిస్తూ, పక్కనున్న నట్టు విప్పితే ఆయిల్ సన్నటి ధారగా కారి, ఆగి, చుక్కలుగా మారే మట్టమే సరైన మట్టం. జెడ్‌ఎఫ్ అనే జర్మనీ కంపెనీ చేసే కొన్ని గేర్‌బాక్సులకు ఈ పని ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండగానే చేయాలి. ఉష్ణోగ్రతను స్కానర్ పెట్టి చూస్తారు. చల్లగా ఉండగా నట్టు విప్పితే ధార రాదు, తక్కువుందని పోసేస్తారు, వేడెక్కాక ఎక్కువవుతుంది. అదే పాత తప్పు, కొత్త వేషం. ఇలాంటి వాటి మీద "జీవితాంతం మార్చనక్కర్లేని ఆయిల్" అని రాస్తుంటారు. ఎవరి జీవితాంతం, ఆయిల్‌దా గేర్‌బాక్స్‌దా అని ఉస్తాద్ నవ్వుతాడు.

ఇదంతా అమెరికా బండ్ల గోల, మన దగ్గర సంగతేంటని అడగొచ్చు. ఇక్కడ చక్రాల మీద ఇల్లు అంటే ఎక్కువగా ట్రావెలర్ మీద కట్టినదే. 1987లో బజాజ్ టెంపో కంపెనీ దాన్ని జర్మనీ డైమ్లర్-బెంజ్ వ్యాను ఆధారంగా మార్కెట్లోకి తెచ్చింది. 2005లో కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్‌గా మారినా జనం నోట అది టెంపో ట్రావెలరే. మేడారం జాతరకు బంధువులందరినీ ఎక్కించుకుని తాడ్వాయి అడవి దారిలో పోయే బండి అదే, సీట్లు పీకి మంచం, పొయ్యి బిగించుకునే బండీ అదే. (సొంతంగా మార్చుకునేవాళ్లు ముందు ఆర్టీవో అనుమతి చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అలాంటి మార్పులను ఊరికే ఒప్పుకోదు.) దాంట్లో ఉండేది మాన్యువల్ గేర్‌బాక్స్. కడ్డీ ఉండదు, పంపు ఉండదు, కన్వర్టర్ ఉండదు. కాబట్టి ఇంజన్ ఆపి, చల్లారాక, చదును మీదే చూడాలి. పైన చెప్పినవాటిలో సగం పద్ధతులు ఇక్కడ తలకిందులు.

ఉస్తాద్ ఒకసారి నా ముందే చూశాడు. బండి కిందికి గోనెపట్టా మీద జారి, గేర్‌బాక్స్ పక్కనున్న నట్టు చుట్టూ ఉన్న మట్టిని వైరు బ్రష్‌తో గీకి, గుడ్డతో తుడిచి, అప్పుడు పానా పట్టాడు. నట్టు మూడొంతులు వదులయ్యాక వేళ్లతో తిప్పి తీశాడు. నూనె రాలేదు. చిటికెన వేలును ఆ రంధ్రంలో పెట్టి కిందికి వంచి తీశాడు. మొదటి కణుపు సగం దాకా నల్లగా, జిగటగా తడిసింది. "గింత తక్కువుంది" అని బొటనవేలితో ఆ తడిని కొలిచి చూపించాడు. సరైన మట్టమంటే రంధ్రం అంచు దాకా. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం చిట్లించాడు, "హౌసింగ్ ఆయిల్ పోసిండ్రు దీంట్ల."

వాసన చూసి ఎలా చెప్పాడంటే, వెనక హౌసింగ్‌లో, అదే వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌లో పోసే జీఎల్-5 రకం ఆయిల్‌లో గంధకం, భాస్వరం కలిసిన మందు ఎక్కువ మోతాదులో ఉంటుంది. కుళ్లిన గుడ్డు లాంటి వాసన దానిదే. హౌసింగ్‌లో పళ్లు ఒకదాని మీద ఒకటి బలంగా రాసుకుంటాయి కాబట్టి ఆ మందు అక్కడ కావాలి. గేర్‌బాక్స్‌లో గేరు సాఫీగా పడటానికి ఇత్తడి రింగులుంటాయి. ఆ మందులో కొన్ని రకాలు ఇత్తడిని తింటాయి. అందుకే చాలా గేర్‌బాక్సులకు జీఎల్-4 చెబుతారు. డబ్బా మీద రెండింటికీ 80డబ్ల్యూ-90 అనే ఉంటుంది, అది చిక్కదనం లెక్క మాత్రమే. డబ్బా తిప్పి వెనక చదవాలి. ఇంకో సంగతి, ఆయిల్ మార్చేటప్పుడు పోసే నట్టు విప్పొస్తుందని తేలాకే దించే నట్టు ముట్టుకోవాలి. కింద అంతా దించేశాక పై నట్టు తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. ఏఎంటీ అని అమ్మేవి కూడా ఆటోమేటిక్ అనిపిస్తాయి కానీ లోపల ఉండేది ఈ మాన్యువల్ పెట్టెనే, క్లచ్చూ గేరూ మనకు బదులు ఒక యంత్రం వేస్తుంది.

మళ్లీ బామ్మర్ది బండి దగ్గరికి. మట్టం తర్వాత ఉస్తాద్ అడిగింది రంగు. తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేసి ఫోన్ దగ్గర పెట్టమన్నాడు. ఎర్రగా, పలచగా పరుచుకుంది. ఆ ఎరుపు ఆయిల్ సహజ రంగు కాదు, కారుతున్నది ఏ ఆయిలో కనిపెట్టడానికి కలిపిన రంగు. గోధుమ రంగు తిరిగి మాడువాసన వస్తే క్లచ్ పళ్లేలు కాలుతున్నట్టు. రోజ్‌మిల్క్ రంగులో ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ పగిలి నీళ్లు కలిసినట్టు, అప్పుడు బండిని ఒక్క అడుగు కూడా నడపకూడదు. అన్నట్టు, ఒకప్పుడు ఈ ఆయిల్‌లో తిమింగలం కొవ్వు నుంచి తీసిన నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికాలో అది నిషేధమయ్యాక కంపెనీలు వేరే మందులు వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఎర్రగ మంచిగనే ఉంది బేటా," అన్నాడు ఉస్తాద్ ఫోన్‌లో, "మరి తగ్గింది యాడికి పోయింది?"

ఇదే అసలు ప్రశ్న. ఇంజన్ ఆయిల్ కొంత కాలిపోవచ్చు. గేర్ ఆయిల్ కాలిపోదు, ఆవిరైపోదు. తగ్గిందంటే ఎక్కడో బయటికి పోయింది. ఇంజన్ పీల్పును బట్టి గేరు మార్పును సర్దే వ్యాక్యూమ్ మాడ్యులేటర్ ఉన్న పాత పెట్టెలు మాత్రం దీనికి మినహాయింపు. 1973 నుంచి 78 దాకా జీఎంసీ తయారుచేసిన మోటార్‌హోముల కాలం నాటివి అవి. ఆ మాడ్యులేటర్ లోపలి పొర చిరిగితే ఇంజన్ ఆ ఆయిల్‌ను పీల్చి కాల్చేస్తుంది. కింద చుక్క ఉండదు, వెనక తెల్ల పొగ ఉంటుంది. మిగతా వాటిలో చూడాల్సింది పాన్ చుట్టూ ప్యాకింగ్, కూలర్ గొట్టాల జాయింట్లు, ముందు వెనక సీళ్లు. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్యనున్న గూడు కింది నుంచి ఎర్ర చుక్క పడుతుంటే ముందు సీలు పోయినట్టు. గేర్‌బాక్స్ దించకుండా అది మార్చలేరు.

ఎక్కువైనది తీయడానికి డ్రెయిన్ నట్టు జోలికి పోవద్దన్నాడు ఉస్తాద్. డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి పైపు దించి చేతిపంపుతో లాగమన్నాడు. ఒకేసారి కాదు, రెండొందల మిల్లీలీటర్లు తీయడం, ఐదు నిమిషాలు ఆగడం, చూడటం. పోసేటప్పుడూ అంతే. మూడో విడతకు వేడి గీతల మధ్యకు వచ్చింది. సీసాలో కొలిస్తే మొత్తం 480 తీశాడు. పోసిన లీటరులోంచి అది పోతే నిజంగా తగ్గింది అర లీటరు చిల్లర. ముక్కు పైకెత్తి వాలులో నిలబెట్టిన క్యాంపు చోట అది చాలు పంపు గాలి పీల్చడానికి.

రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరచమని, దాని మీద ముందు టైర్లు ఎక్కడున్నాయో పెన్నుతో గీత గీయమని ఉస్తాద్ చెప్పాడు. మర్నాడు ఫొటో వచ్చింది. అట్ట మీద కుడి టైరు గీతకు ఒక మూరెడు ముందు, రేడియేటర్ కింద, రూపాయి బిళ్లంత ఎర్ర మరక. కూలర్ గొట్టం జాయింటు. ఉస్తాద్ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసి, "సగం చుట్టు బిగిస్తే అయిపోతది, ఎక్కువ బిగిస్తే పిత్తల్ పలుగుతది, చెప్పు వానికి" అని ఫోన్ నా చేతికిచ్చి, మళ్లీ ట్రావెలర్ కిందికి జారాడు.